రొయ్యల ట్రేలకు బ్యాటరీ లేని ట్రాకింగ్: ఒక కేస్ స్టడీ

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటుకు ట్రేలంటే చిన్న ఖర్చు కాదు. నీలం ప్లాస్టిక్ ట్రేలు, వాటితోపాటు మూతలున్న పెద్ద ఇన్సులేటెడ్ టబ్బులు పట్టుబడి రోజున, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజున, ఐసుతో కలిసి చెరువు గట్టుకు వెళ్తాయి. రొయ్యలతో తిరిగి రావాలి. కొన్ని రావు. ఏటా కొత్తవి కొంటూనే ఉంటారు, పాతవి ఎక్కడ ఆగిపోయాయో మాత్రం ఎవరూ చెప్పలేరు. డ్రైవరును అడిగితే ఏజెంటు పేరు చెబుతాడు, ఏజెంటును అడిగితే ఐస్ ఫ్యాక్టరీ వైపు చూపిస్తాడు. భీమవరం, ఆకివీడు ప్రాంతాల్లో వెనామీ రకం రొయ్యలు కొని, విశాఖపట్నం వైపున్న ప్లాంటులో శుద్ధి చేసి ఎగుమతి చేసే ఒక సంస్థ ఈ చిక్కుతో మా బృందం దగ్గరికి వచ్చింది. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు.

వాళ్లు అడిగింది సూటిగానే ఉంది. ప్రతి ట్రేకీ ఒక ట్రాకర్ ఉండాలి, ఫోను మ్యాపులో చుక్కలా కనిపించాలి. దానితోపాటు రెండు షరతులు పెట్టారు. ఒకటి, ఛార్జింగు పని తమ మనుషులకు ఉండకూడదు. రెండు, ఆహారం తగిలే చోట లిథియం సెల్ ఉండకూడదు. రెండో షరతు వాళ్ల నాణ్యత విభాగానిది, దాన్ని కాదనడానికి మాకు కారణమేదీ కనిపించలేదు. ట్రేలను క్లోరిన్ నీళ్లతో కడుగుతారు, ఒకదానిమీద ఒకటి విసురుతారు, మే నెల ఎండలో గట్టుమీద వదిలేస్తారు. లిథియం అయాన్ సెల్‌ను సాధారణంగా 45 డిగ్రీల సెల్సియస్ దాటాక ఛార్జి చేయకూడదంటారు. ఎండలో ఉన్న టబ్బు మూత మీద బిగించిన పెట్టె లోపల ఆ వేడి మధ్యాహ్నానికి ముందే దాటిపోతుంది.

బ్యాటరీ తీసేయమని ఎవరైనా చెప్పగలరు. తీసేశాక పరికరానికి కావలసిన శక్తిని ఇంకెవరో, ఇంకెక్కడో భరించాలి. ఈ పని మొత్తంలో మేం తీసుకున్న ప్రతి నిర్ణయం ఆ భారం ఎవరి మీద వేయాలన్న దాని గురించే. ట్రేకు వచ్చిన జవాబు, టబ్బుకు వచ్చిన జవాబు ఒకటి కాలేదు.

ట్రే: భారం రీడర్ మీద

ట్రే ఖరీదు వందల్లో ఉంటుంది. దానికి సిమ్ ఉన్న పరికరం తగిలించడం గుర్రం కంటే జీను ఖరీదు ఎక్కువైనట్టు. కాబట్టి ట్రేకు అల్ట్రా హై ఫ్రీక్వెన్సీ ఆర్ఎఫ్ఐడీ ట్యాగు, అంటే రీడర్ అనే పరికరం రేడియో తరంగంతో చదివే చిన్న గుర్తింపు బిళ్ల, సరిపోతుందని మొదటి సమావేశంలోనే చెప్పాం. యాజమాన్యానికి అది కొత్త సంగతి కూడా కాదు. కారు అద్దం మీది ఫాస్టాగ్ అదే జాతి. ఎగుమతి కంటైనర్లకు 2017 నుంచి కస్టమ్స్ అడుగుతున్న ఎలక్ట్రానిక్ సీలు కూడా అదే. వాళ్ల రొయ్య ప్లాంటు దాటాక బ్యాటరీ లేని ట్యాగుతోనే ఓడరేవు చేరుతోంది. చెరువు నుంచి ప్లాంటు దాకానే దానికి ఆనవాలు లేదు.

ఇటువంటి ట్యాగులో సొంత శక్తి ఏమీ ఉండదు. రీడర్ పంపిన రేడియో తరంగం నుంచే చిప్పు మేలుకుంటుంది, ఆ తరంగాన్నే మార్చి తిప్పికొట్టి తన నంబరు చెబుతుంది. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ పట్టీని 2005లో లైసెన్సు అవసరం లేకుండా ఈ పనికి వదిలారు. ప్రసార శక్తి ఒక వాటు, యాంటెన్నా బలంతో కలిపి వికిరణ శక్తి 4 వాట్లు మించకూడదు. ఆ 4 వాట్లలో 10 మీటర్ల దూరంలోని ట్యాగు చేతికందేది 30 నుంచి 50 మైక్రోవాట్లు. ఇప్పటి మంచి చిప్పులు 6 మైక్రోవాట్లకే మేలుకుంటాయి. ఈ లెక్కన కాగితం మీద దూరం 25 మీటర్లు దాటుతుంది.

ప్లాంటులో ఆ కాగితం తడిసిపోయింది. ఈ రేడియో పౌనఃపున్యం దగ్గర నీటి విద్యుద్రోధక స్థిరాంకం (తరంగం మీద పదార్థం ప్రభావం ఎంతో చెప్పే అంకె) 80 చుట్టూ ఉంటుంది, ఐసుది 3 కంటే కాస్త ఎక్కువ. గడ్డకట్టిన ఐసు తరంగానికి దాదాపు లేనట్టే, కరిగిన ఐసు మాత్రం గోడ. దానికి చెరువు నీటి ఉప్పు తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. ఐసు ఫ్యాక్టరీ దగ్గర లోడు చేసేటప్పుడు చక్కగా పలికిన ట్రేలు, అదే లారీలో రొయ్యలతో నిండి ప్లాంటు గేటు చేరేసరికి సగానికి సగం మూగబోయాయి. ట్యాగును ట్రే పక్క గోడ నుంచి తీసి, పై అంచు కింద, పిడికి ఆనుకుని, నీళ్లు నిలవని చోట నాలుగు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ దిమ్మె మీద రివెట్లతో బిగించాక పరిస్థితి మారింది. ట్యాగుకూ తడికీ మధ్య ఆ కాస్త గాలి చాలు. అంటించే ట్యాగుల జోలికి వెళ్లలేదు. క్లోరిన్ నీళ్ల ముందు జిగురు ఎక్కువకాలం నిలవదు.

ఖాళీ ట్రేలది వేరే గొడవ. అవి ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. ట్యాగుల మధ్య దూరం కొద్ది మిల్లీమీటర్లకు పడిపోతే ఒకదాని యాంటెన్నా ఇంకొకదాని శ్రుతిని చెడగొడుతుంది. దొంతరలో పైవి రెండు మూడు పలుకుతాయి, కిందివి పలకవు. దీనికి ఖరీదైన యాంటెన్నాలతో విరుగుడు వెతికేవాళ్లను చూశాను. మేం ప్లాంటులో తిరుగుతూ ఒకే ప్రశ్న వేసుకున్నాం: ట్రే ఒంటరిగా కదిలే చోటు ఎక్కడైనా ఉందా? ఉంది. కడిగే యంత్రం ముందు బెల్టు మీద ప్రతి ట్రే విడిగా, బోర్లా, ఖాళీగా వెళ్తుంది. రొయ్య లేదు, ఐసు లేదు, పక్కన ఇంకో ట్రే లేదు. అక్కడ పెట్టిన రీడర్ ఒక్కటీ గేటు దగ్గరి రీడర్ కంటే నమ్మకమైన లెక్క ఇచ్చింది. గేటు రీడర్‌ను తీసేయలేదు కానీ దాని మాటను ఆధారంగా కాక, సూచనగానే తీసుకుంటాం.

లారీలో రీడర్ పెట్టడానికి శక్తి కొదువ లేదు, బండి బ్యాటరీ ఉంది. అయినా రోజంతా తరంగాలు వెదజల్లడం వృథా. తలుపు తెరిచినప్పుడు మేలుకుని, మూసిన కాసేపటికి అన్నిటినీ ఒకసారి పిలిచి, ముందు లెక్కకూ ఇప్పటి లెక్కకూ తేడా మాత్రమే పైకి పంపుతుంది. ట్యాగు నంబరు 96 బిట్లు, అంటే 12 బైట్లు. రెండు వందల ట్రేల పూర్తి జాబితా అయినా 2,400 బైట్లే.

ఈ లారీ పెట్టెకు ఏ సెల్యులార్ మాడ్యూల్ వాడాలన్నది చర్చకు వచ్చింది. తక్కువ శక్తి నెట్‌వర్క్ అనగానే అందరి నోటా చిన్న పరికరాల కోసం రాసిన మొబైల్ ప్రమాణం ఎన్‌బీ ఐఓటీ వస్తుంది. కానీ 2016లో వచ్చిన దాని తొలి ప్రమాణం కదలని వస్తువుల కోసం రాసింది. కబురు సాగుతుండగా ఒక టవరు నుంచి ఇంకో టవరుకు చేయి మార్చే ఏర్పాటు అందులో లేదు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద రాజమహేంద్రవరం దాటి తుని వైపు పరుగెత్తే లారీకి అది తగదు. బండి బ్యాటరీ ఉన్నప్పుడు పిసినారితనం దేనికి? ఒకే యాంటెన్నాతో మామూలు 4జీ మీద నడిచే క్యాట్ 1 బిస్ మాడ్యూల్ పెట్టి ఆ అధ్యాయం ముగించాం.

టబ్బు: భారం ఎండ మీద

అసలు పని ఇక్కడ పడింది. టబ్బు ఖరీదు వేలల్లో ఉంటుంది, సంఖ్య తక్కువ. పట్టుబడికి ముందే గట్టు చేరుతుంది, ఒక్కోసారి రోజుల తరబడి అక్కడే ఉంటుంది. అక్కడ రీడర్ ఉండదు, లారీ ఉండదు. కాబట్టి అది తనంతట తానే టవరుతో మాట్లాడాలి. కదలకుండా పడి ఉండే వస్తువు కనుక ఎన్‌బీ ఐఓటీకి సరైన స్థలం ఇదే.

మూత మీద 20 చదరపు సెంటీమీటర్ల సౌర ఫలకం, లోపల విద్యుత్తును కాస్త నిలవ చేసే 40 ఫారడ్ల లిథియం అయాన్ కెపాసిటర్. "పేరులోనే లిథియం ఉంది కదా సార్, ఇది బ్యాటరీ కాదా?" అని వాళ్ల నాణ్యత అధికారి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దాని ఒక ధ్రువం బ్యాటరీ తరహాది, ఇంకొకటి కెపాసిటర్ తరహాది. నిలవ చేసే శక్తి చాలా తక్కువ, ఆక్సైడు ధ్రువం లేకపోవడంతో నిప్పంటుకునే భయం బాగా తగ్గుతుంది, 70 డిగ్రీల దాకా వేడిని తట్టుకునే రకాలు దొరుకుతాయి. పైగా టబ్బులో అది మూత పైభాగాన, ఆహారానికి అవతల ఉంటుంది. కాగితాలు చూపించాక ఒప్పుకున్నారు. శాస్త్రం పట్టుకుని వాదించేవాళ్లు దీన్ని బ్యాటరీ లేనిది అనకపోవచ్చు. మార్చే పని, ఛార్జి చేసే పని లేనిదన్న అర్థంలో నేను ఆ మాట వాడుతున్నాను.

మామూలు సూపర్ కెపాసిటర్ ఎందుకు వద్దన్నామంటే అది కూర్చున్న చోటే కారిపోతుంది. చీకటి గోదాములో వారం ఉంటే మిగిలేది కొంచెమే. పైగా పది డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది వాటి విషయంలో అందరూ పాటించే లెక్క.

ఇప్పుడు ఖర్చు చూద్దాం. 40 ఫారడ్లను 3.8 వోల్టుల నుంచి 2.5 దాకా వాడుకుంటే చేతిలో ఉండేది సుమారు 160 జౌల్స్. నిద్రలో పరికరం మొత్తం 10 మైక్రో ఆంపియర్లు తీసుకుంటే రోజుకు 3 జౌల్స్. సిగ్నల్ బాగున్న చోట ఒక కబురుకు అన్నీ కలిపి 5 జౌల్స్ కేటాయించాం. రోజుకు రెండు కబుర్లయితే మొత్తం 13. అంటే పూర్తి చీకట్లో కూడా పన్నెండు రోజులు. ఎండలో పెడితే నష్టాలన్నీ పోను 100 మిల్లీవాట్లు వచ్చినా అరగంటలో నిండుతుంది. గోదావరి జిల్లాల్లో ఎండకు కొరతా? లెక్క ప్రకారం ఈ పరికరం ఎప్పటికీ చావకూడదు.

చచ్చింది. అదీ ఊరూరా తిరిగినవి కాదు, ప్లాంటులో భద్రంగా ఉన్నవి. ప్రయోగానికి ఇచ్చిన టబ్బుల్లో శీతల గిడ్డంగి పక్క గదిలో పేర్చినవి పన్నెండు రోజులు ఆగకుండా చాలా ముందే మూగబోయాయి. తిరిగి ఎండ తగలగానే మేలుకుని, ఏమీ జరగనట్టు కబురు పంపాయి. వాటిలో ఒకదాన్ని అదే గదిలో ఉంచి, కెపాసిటర్ వైరు మధ్యలో కరెంటు కొలిచే సాధనం పెట్టి, తెర మీద గీత చూశాం. నిద్రలో గీత నేలకు అతుక్కుని ఉంది. కబురు వేళకు లేచింది. మామూలుగా అయితే పొడవాటి ముల్లులాంటి ప్రసారపు గుర్తు ఒకటి రెండు కనిపించి గీత కిందికి దిగాలి. ఇక్కడ ముల్లు అసలు రాలేదు. యాభై మిల్లీ ఆంపియర్ల దగ్గర గీత బల్లపరుపుగా అలాగే నిలిచి నిమిషం దాటినా దిగలేదు. మాడ్యూల్ ఒక్క మాటా పంపలేదు, టవరు కోసం వెతుకుతూనే ఉంది. ఆ గది గోడలు రెండు ఇనుప రేకుల మధ్య నురుగు నింపిన పలకలు. లోపలికి సిగ్నల్ రాదు. ఫ్యాక్టరీ అమరికలో మాడ్యూల్ ప్రపంచంలోని అన్ని పట్టీలనూ ఒకదాని తర్వాత ఒకటి వెతుకుతుంది, మన దేశంలో లేనివాటితో సహా.

లెక్క వేయండి. 50 మిల్లీ ఆంపియర్లు, 3.6 వోల్టులు, 60 సెకన్లు. దాదాపు 11 జౌల్స్. రెండు కబుర్ల ఖర్చు, ఒక్క కబురూ పోకుండానే. రోజుకు రెండుసార్లు ఇలా నిమిషాల తరబడి జరిగితే 160 ఎన్నాళ్లు వస్తాయి? పెద్ద బ్యాటరీ ఉన్న ట్రాకర్లో ఈ రంధ్రం ఉన్నా బయటపడదు, ఐదేళ్లు రావలసిన బ్యాటరీ మూడేళ్లకు పోయిందని సరిపెట్టుకుంటారు. కెపాసిటర్ వారంలోనే నిజం కక్కిస్తుంది. తక్కువ శక్తి సెల్యులార్ గురించి కరపత్రాల్లో నిద్ర కరెంటునే పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తారు. నన్నడిగితే ముందు చూడాల్సింది టవరు దొరకనప్పుడు పరికరం ఏం చేస్తుందన్నది.

ఎన్‌బీ ఐఓటీ గొప్పగా చెప్పుకునే సుగుణం కూడా ఇక్కడ ఎదురు తిరుగుతుంది. 180 కిలోహెర్ట్జ్ సన్నటి పట్టీలో పనిచేస్తూ, పాత 2జీ కంటే 20 డెసిబెల్స్ బలహీనమైన సిగ్నల్‌నూ అందుకుంటుందన్నది నిజమే. అందుకునే విధానం మాత్రం చెప్పిందే చెప్పడం. పరికరం నుంచి టవరుకు 128 సార్ల దాకా, టవరు నుంచి పరికరానికి 2,048 సార్ల దాకా ఒకే ముక్కను పంపే వీలుంది. ఒక్కో సారికీ కాలం, కాలానికి జౌల్స్. సిగ్నల్ అంచున ఉన్న టబ్బు కబురు పంపగలదు, కానీ ఆ తర్వాత కొన్నాళ్లు ఉపవాసం ఉండాలి.

సాఫ్ట్‌వేర్ తిరగరాశాం. వెతికే పట్టీలను మన సిమ్ సంస్థ వాడేవాటికే పరిమితం చేశాం. ముందుసారి దొరికిన పౌనఃపున్యాన్నే మొదట ప్రయత్నిస్తుంది. వెతుకులాటకు కాలపరిమితి తీసేసి శక్తి పరిమితి పెట్టాం: ఒక ప్రయత్నానికి ఇంత అని జౌల్స్ కేటాయించి, అవి అయిపోగానే ఆపుతుంది. వోల్టేజీ 3.2 కంటే తక్కువుంటే అసలు ప్రయత్నించదు. విఫలమైన ప్రతిసారీ ఎదురుచూసే కాలం రెట్టింపవుతుంది. 2.6 దగ్గర అన్నీ కట్టేసుకుంటుంది, ఎందుకంటే ఈ రకం కెపాసిటర్ 2.2 వోల్టుల కిందికి జారితే పాడవుతుంది. మళ్లీ లేవాలంటే 3.3 రావాలి. ఈ రెండు అంకెల మధ్య ఎడం లేకపోతే తెల్లవారుజాము వెలుగుకు లేస్తూ పడుతూ ఉంటుంది. చచ్చి బతికిన పరికరానికి తేదీ గుర్తుండదు, దాన్ని టవరు నుంచే అడిగి తెలుసుకుంటుంది.

ఇంకో దుబారా కబురు పంపాక జరుగుతుంది. మాట పూర్తయినా నెట్‌వర్క్ వెంటనే లైను వదలదు, ఇంకేమైనా వస్తుందేమోనని పది ఇరవై సెకన్లు పట్టుకుంటుంది. ఇక చెప్పేదేమీ లేదని ముందే తెలిపే వెసులుబాటు ప్రమాణంలో ఉంది. అది వాడుకున్నాం. గంటల తరబడి పడుకునే గాఢ నిద్ర విషయంలోనూ ఒక మెలిక ఉంది: ఎంతసేపు పడుకోవాలో పరికరం అడగగలదు, ఇచ్చేది నెట్‌వర్కే. అడిగింది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి అయిన సందర్భాలు ఎదురయ్యాయి. ఇచ్చిన విలువను చదివి దానికి తగ్గట్టు నడుచుకునేలా రాసుకోవడమే దారి.

ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

ఉపగ్రహ స్థానం అందరూ అడుగుతారు. జీపీఎస్ ఉపగ్రహం తన కక్ష్య వివరాలను సెకనుకు 50 బిట్ల చొప్పున చెబుతుంది. మొదటిసారి వినడానికి అర నిమిషం పడుతుంది, అంటే ఇంకో 3 జౌల్స్. టబ్బు ఏ ఊరి చెరువు దగ్గరుందో తెలిస్తే కొనుగోలు విభాగానికి చాలు. కబురుతోపాటు ఎలాగూ తెలిసే టవరు నంబరు ఆ మాత్రం చెబుతుంది. టబ్బు కొత్త టవరు కిందికి వచ్చి కదలకుండా ఉన్నప్పుడు, అదీ ఎండలో ఉన్నప్పుడు మాత్రమే ఒకసారి ఉపగ్రహాలను అడుగుతాం.

ఎండలో ఉందని ఎలా తెలుసు? సౌర ఫలకమే చెబుతుంది. ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన ముక్క ఇది. ఫలకం వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయి కదలిక మొదలైతే లారీ ఎక్కినట్టు. చీకటి ఉండి కదలిక లేకపోతే గోదాములో ఉన్నట్టు, అప్పుడు కబురు ప్రయత్నమే వద్దు. చీకటి పోయి వెలుగు వస్తే గట్టుమీద దిగినట్టు, అప్పుడు పంపాలి. శక్తి తెచ్చేదే సమాచారమూ తెస్తోంది. ఇనుప గోడల గది సమస్య ఈ ఒక్క నియమంతో దాదాపు తీరిపోయింది.

బయటపడినవి

ట్రేలను ఎవరూ దొంగిలించడం లేదు. వెళ్లిన చోటే నిలిచిపోతున్నాయి. ఒక ఏజెంటు షెడ్డులో తలకిందులుగా పెట్టి పీటలుగా వాడుతున్నారు. ఒక చెరువు దగ్గర టబ్బులో ఏరేటర్ విడిభాగాలు, పైన మేత సంచులు. మా పరికరం మీద గోనెపట్టా కప్పి ఉంది, అందుకే అది చీకట్లో ఉన్నానని చెబుతూ వచ్చింది. "మీదేనని తెలుసండీ, అడిగితే ఇచ్చేసేవాడిని" అన్నాడు ఆ రైతు. నిజమే, ఎవరూ అడగలేదు. ఎక్కడుందో తెలియక అడగలేదు.

డ్రైవర్ల దగ్గర మాత్రం ఇబ్బంది వచ్చింది. "మా వెనకాల పోలీసును పెట్టారా సార్?" అని ఒకాయన నేరుగానే అడిగారు. లారీ రీడర్ యాంటెన్నా వైరు ఒకటి రెండు బళ్లలో ఊడి ఉండటం కాకతాళీయం అనుకోలేం. ఆపై ట్రేలు దించే చోట డ్రైవరు ఫోనుకు కూడా సందేశం వెళ్లేలా మార్చాం: ఇన్ని ట్రేలు దించారు, ఇన్ని తిరిగి ఎక్కించారు. లెక్క తప్పినప్పుడు మాట పడేది ముందుగా వాళ్లే కాబట్టి ఆ సందేశం వాళ్లకు రసీదులా పనికొచ్చింది. వైర్లు ఊడటం తగ్గింది.

రాబోయేది

యాజమాన్యం తరచూ అడిగే ప్రశ్న: మధ్యలో ఈ రీడర్లెందుకు, టవరే నేరుగా ట్యాగును చదవలేదా? ఆ దిశగా పని జరుగుతోంది. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ తన పద్దెనిమిదో విడతలో యాంబియంట్ ఐఓటీ పేరుతో అధ్యయనం మొదలుపెట్టి, పంతొమ్మిదో విడతలో ప్రమాణంగా రాయడానికి పూనుకుంది. అందులో అతి చిన్న రకం పరికరానికి ఒక మైక్రోవాటు స్థాయిలోనే శక్తి. తిప్పికొట్టే తరంగమే దాని మాట. వినడానికి బాగుంది. కానీ తొలి లక్ష్యం గోదాములు, ఫ్యాక్టరీల లోపల పదుల మీటర్ల దూరం. కిలోమీటర్ల అవతలి టవరు నుంచి చెరువు గట్టు మీది ట్రేను చదవడం అందులో లేదు. ఒక మైక్రోవాటుతో అది కుదరదు కూడా. నాకు ఆశ ఉన్నది ఆ అధ్యయనంలోని రెండో ఏర్పాటు మీద: మధ్యలో ఒక ఫోను లాంటి పరికరం నిలబడి ట్యాగును చదివి టవరుకు చేరవేయడం. అప్పుడు ఏజెంటు చేతిలోని ఫోనే రీడరవుతుంది. దాని కోసం ఇప్పటి ట్యాగులు కొనడం ఆపనవసరం లేదని చెప్పాం.

ప్రస్తుతం వాళ్లు అడుగుతున్నది ఉష్ణోగ్రత. ఐసు ఎప్పుడు కరిగిందో ట్రేయే చెప్పాలట. బ్యాటరీ లేకుండా వేడిని కొలిచే ట్యాగు చిప్పులు ఉన్నాయి, అయితే కొలవడానికి అవి ఎక్కువ శక్తి కోరతాయి, చదివే దూరం తగ్గుతుంది. పైగా రీడర్ పిలిచిన క్షణంలోని వేడినే చెప్పగలవు, దారిలో ఏం జరిగిందో చెప్పలేవు. లారీలో ప్రతి పావుగంటకూ రీడర్‌ను లేపితే ఆ చరిత్ర దొరుకుతుంది, కానీ తడిసిన ట్రేల మధ్య అటువంటి ట్యాగు పలుకుతుందా అన్నది చూడాలి. తలుపు పక్క వరుసలో కొన్ని ట్రేలకు బిగించి, వచ్చే పట్టుబడుల సీజనులో పరీక్షించడానికి అంగీకారం కుదిరింది. ట్యాగుల ఖర్చు వాళ్లది, రీడర్ సాఫ్ట్‌వేర్ మార్పు మాది.